తిట్టకుండా తొక్కలేని శ్యాంసుందర్

శ్యాంసుందర్ తిట్టకుండా సైకిల్ తొక్కలేడు. కొందరికి పాట పాడితే గానీ పని సాగదు, కొందరికి చాయ్ పడితే గానీ కాలు కదలదు. ఈయనకు నోట్లో తిట్టు ఆడితే గానీ పెడల్ తిరగదు. ఎవరిని తిడతాడని అడగకండి. రోడ్డును, రోడ్డు వేసినవాణ్ణి, ఎదురుగాలిని, అడ్డం వచ్చిన బర్రెను, ఆ బర్రెను మేపుతున్నవాణ్ణి, ఆఖరికి తాను ఎక్కిన సైకిల్‌ను కూడా. సూర్యాపేటలో ఆయనకు ఎరువుల దుకాణం ఉంది. యూరియా కోసం వచ్చిన రైతులు ముందు నాలుగు తిట్లు తిని, తర్వాత బస్తా ఎత్తుకుంటారు. అయినా వేరే దుకాణానికి పోరు. అక్కడ తిట్టరట, అందుకని సరుకు మీద నమ్మకం కుదరదట.

ఆదివారం పొద్దున్నే బిగుతు నిక్కర్లు వేసుకుని, నెత్తిన గుమ్మడికాయ డిప్పల్లాంటి టోపీలు పెట్టుకుని ఊరి మీద పడే సైకిల్ బ్యాచ్ ఒకటి సూర్యాపేటలో ఉంది. అందులోకి ఆండాళు ఎలా వచ్చిందంటే, డాక్టర్ తరిమితే వచ్చింది. ఆమె మునగాల హైస్కూల్లో సైన్సు టీచరు. షుగర్ గడప దాకా వచ్చింది, ఇంట్లోకి రాకముందే సైకిలెక్కమని డాక్టర్ చెప్పాడు. సైకిల్ కొని ఇంటికి తెచ్చిన రోజు ఆమె భర్త శశిధర్ సోఫాలో కూర్చుని మిర్చి బజ్జీ తింటున్నాడు.

"నువ్వు తొక్కుతే సైకిల్‌కు షుగర్ తగ్గుతది గని, నీకేం తగ్గదు" అన్నాడు.

ఆ బ్యాచ్‌కు పెద్ద నవీన్. వాళ్ళలో ఒక దిక్కుమాలిన ఆచారం ఉంది. పంచరైన పాత ట్యూబులన్నీ కలిపి కట్టిన దండ ఒకటి నవీన్ సంచిలో ఎప్పుడూ ఉంటుంది. గమ్యానికి అందరికంటే ఆఖరున చేరినవాళ్ళ మెడలో దాన్ని వేసి ఫోటో తీస్తారు. ఆ ఫోటో గ్రూపులో పడుతుంది, గ్రూపులోంచి స్టేటస్‌లకు ఎక్కుతుంది, మధ్యాహ్నానికల్లా సగం సూర్యాపేట చూస్తుంది. చదువుకున్నవాళ్ళు కనిపెట్టిన ఆటల్లో ఇంతకంటే తెలివితక్కువది ఉండదు.

ఆ దండ చూడగానే ఆండాళుకు స్కూలు గుర్తొచ్చింది. తన మెడలో అది పడితే సోమవారం స్టాఫ్ రూములో తల ఎత్తే దారి ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకే ముందు బ్యాచ్‌లో, తర్వాత ఇంట్లో ఒట్టు పెట్టుకుంది.

"ఆ దండ నా మెడల పడ్డ రోజే సైకిల్ ఇడిసిపెడ్త."

"అయితే వచ్చే సోమవారం సైకిల్ ఎవరికన్న ఇచ్చేద్దాం" అన్నాడు శశిధర్.

కానీ ఆ సోమవారం రాలేదు. ఎందుకంటే బ్యాచ్‌లో శ్యాంసుందర్ ఉన్నాడు. వారం వారం ఆయనే లాస్టు. విదేశీ సైకిల్, కొంగ కాళ్ళు, తాటిచెట్టంత మనిషి. ఇన్ని ఉండీ ఆండాళు వెనక వచ్చేవాడు. దేవుడు ఆయనకు అన్నీ ఇచ్చాడు, పనిచేసేది మాత్రం నోరొక్కటే అని ఆండాళు అనుకునేది. టీచరు కదా, వెనక బెంచీవాళ్ళను చూస్తే ఆమెకు సహజంగానే చిన్నచూపు. ఆయన మెడలో ట్యూబు దండ పడ్డప్పుడల్లా అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టేది కూడా ఆమే.

ఆయన సైకిల్ దిగని చోటు లేదు. ఒకసారి మూసీ వంతెన ఎక్కుతుండగా ఆండాళు వెనక నుంచి కేక వినిపించింది.

"టీచరమ్మా, ఆగు. గిటు సూడు."

ఆమె ఆగింది. ఆయన సైకిల్‌ను రెయిలింగ్‌కు ఆనించి, నది మీదికి వేలు చూపించాడు.

"గిదేం నదమ్మా? పట్నమోళ్ళు పారబోసిందంత నెత్తిన పెట్టుకొని గీడిదాక మోసుకొచ్చింది. దీనికి సిగ్గు లేదు, దీన్ని సూడనీకి వచ్చిన మనకు అసలే లేదు."

నదిని తిట్టడం అయ్యేసరికి కొంత సేపు పట్టింది. ఆండాళు నవ్వుకుని, మళ్ళీ ఎక్కి, ఆయనకంటే ముందే వంతెన దాటింది.

మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు పోయినప్పుడు ఇంకా దారుణం. సున్నపురాయి గుట్ట ఎక్కుతుంటే ఆమె కళ్ళ ముందు చుక్కలు కనబడుతున్నాయి. వెనక ఈయన సైకిల్ దిగి గుట్టతో కయ్యానికి నిలబడ్డాడు.

"సిమెంటు కోసమని గుట్టలన్ని తవ్వుకపోతున్నరు గదా. గీ ఒక్కదాన్ని ఎందుకు ఇడిసిపెట్టిండ్రు? అడ్డమున్నదే గిది."

"అన్నా, గుట్టకు వినబడదే" అంది ఆండాళు, రొప్పుతూనే.

"ఇనబడకున్నా అనాలె. అనకపోతే ఇంకింత పెరుగుతది."

ఆ మాటకు ఆమెకు నవ్వాగలేదు. నవ్వు ఆగేసరికి ఊపిరి కుదురుకుంది. ఊపిరి కుదురుకునేసరికి గుట్ట అయిపోయింది. ఆ సాయంత్రం ఇంట్లో శశిధర్‌తో గర్వంగా చెప్పుకుంది, అంతటి మగమనిషిని మళ్ళీ వెనకేశానని.

ఒక ఆదివారం కోదాడలో చుట్టాల పెళ్ళి పడింది. ఆండాళు సైకిల్ మానేసి, భర్తతో కలిసి ఆర్టీసీ బస్సెక్కింది. మునగాల ధాబాలు దగ్గర పడుతుండగా, కిటికీ పక్కన కూర్చున్న శశిధర్ మోచేత్తో పొడిచాడు.

"అగో, మీ సైకిలోళ్ళు. ఆ ముందున్నాయన ఎవరు? బస్సుతోని పోటీ పడుతున్నడు."

ఆండాళు వంగి చూసింది. శ్యాంసుందర్. హ్యాండిల్ మీదికి వంగి, బాణంలా పోతున్నాడు. బ్యాచ్ అంతా ఎక్కడో వెనక, నవీన్ నాలుక బయటపెట్టి తొక్కుతున్నాడు. అన్నిటికంటే వింత ఏమిటంటే, శ్యాంసుందర్ నోరు మూసుకుని ఉన్నాడు. పక్క నుంచి లారీ రాసుకుంటూ పోయినా ఒక్క మాట అనలేదు.

"వారం వారం లాస్టొస్తడంటివి, గీయన గురించేనా?" అన్నాడు శశిధర్.

బస్సు ముందుకు పోయేదాకా ఆండాళు వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. పెళ్ళిలో పప్పు ఉప్పగా ఉందో చప్పగా ఉందో కూడా ఆమెకు తెలియలేదు. మూసీ వంతెన గుర్తొచ్చింది, గుట్ట గుర్తొచ్చింది. ఆయన తిట్టడానికి దిగిన ప్రతిచోటా తనకు సరిగ్గా అప్పుడే ఊపిరి అందకుండా పోయిందన్న సంగతి ఇప్పుడు తట్టింది. ముందు ఒళ్ళు మండింది. ఎవడు జాలి పడమన్నాడు? తర్వాత తను కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి సిగ్గేసింది. చేతులు కడుక్కునే వేళకు కోపం, సిగ్గు రెండూ పోయి, ఆ మనిషి మీద ఎక్కడలేని అభిమానం పుట్టుకొచ్చింది. అదే ఆమెకు అన్నిటికంటే ఇబ్బందిగా అనిపించింది.

మరుసటి వారం సాగర్ ప్రయాణం. సైకిళ్ళను డీసీఎం వ్యానులో వేసుకుని మిర్యాలగూడ దాకా పోయి, అక్కడి నుంచి తొక్కుడు. ఆ రోజు కొత్తగా పాపయ్య వచ్చాడు. కరెంటు ఆఫీసులో రిటైరై, ఇంట్లో ఖాళీగా కూర్చుంటే కోడలి పోరు పడలేక సైకిలెక్కిన పెద్దమనిషి. ఆయన పొట్ట ఆయనకంటే ముందు హ్యాండిల్ దగ్గరికి చేరుతుంది. కాల్వ పక్కన వరి పొలాల మధ్య చదునుగా ఉన్నంత సేపు బాగానే వచ్చాడు. పెద్దవూర దాటి గుట్టలు, అడవి మొదలయ్యేసరికి ఆయన ఇంజను ఆగింది.

"నాతోని కాదమ్మా. డీసీఎంకు ఫోన్ చెయ్యిండ్రి. ఆ దండ నా మెడల పడ్డంక నా కోడలికి మొఖమెట్ల సూపియ్యాలె? ఇగ మల్ల రాను" అన్నాడు పాపయ్య, సీతాఫలం పొదల పక్కన కూలబడి.

ఆ మాట వినగానే ఆండాళు వెనక్కి చూసింది. అనుకున్నట్టే, శ్యాంసుందర్ వాళ్ళిద్దరి వెనక సైకిల్ దిగి, చెట్టు మీది కోతిని తిట్టడం మొదలుపెట్టి ఉన్నాడు. ఆండాళు సైకిల్‌ను తిప్పుకుని ఆయన దగ్గరికి పోయింది.

"అన్నా, మీరు పోండి. ఇయ్యాల లాస్టుకు నేనుంట."

"లాస్టుకు ఉండుడేంది? నేను ఎక్కలేక దిగిన. ఈ సైకిల్ కంపెనోన్ని తీస్కపోయి..."

"మునగాల కాడ బస్సులకెల్లి సూసిన."

శ్యాంసుందర్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. ఆయన చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి అయ్యుంటుంది. కోతి కూడా ఆశ్చర్యపోయి చూసింది.

"బస్సులకు కిటికీలు పెట్టినోన్ని తన్నాలె" అన్నాడు చివరికి. "మరి నీ ఒట్టో?"

"ఒట్టు గట్టు మీద పెట్టిన. మీరు పోండి."

ఆయన ఆమెను పైకీ కిందికీ చూశాడు. తర్వాత సైకిలెక్కి, ఆ గుట్టను సైన్సు టీచరు నమ్మలేని వేగంతో ఎక్కి, మలుపులో మాయమయ్యాడు.

ఇప్పుడు ఆండాళుకు అసలు కష్టం మొదలైంది. పాపయ్యను ఎలాగో బతిమాలి సైకిలెక్కించింది గానీ, పక్కన ఆయన రొప్పుతూనే ఉన్నాడు. ఆయన్ను కాసేపు ఆపాలి, కానీ ఆగింది తన అవసరానికే అన్నట్టు కనబడాలి. దానికి తిట్టాలి. ఇరవై ఏళ్ళు పిల్లలకు మర్యాద నేర్పిన నోరు అది.

"ఈ రోడ్డు... అంత బాగలేదు గదా" అంది.

"మంచిగనే ఉన్నదమ్మా. కొత్తగేసిండ్రు" అన్నాడు పాపయ్య.

"గాలి మరీ ఎక్కువ."

"సల్లగున్నది."

ఆండాళుకు చిర్రెత్తింది. "గీ గుట్టకు బుద్ధి లేదు పాపయ్యన్నా. అయిపోయిందనుకుంటే మల్ల లేస్తది. మా అత్తమ్మ సణుగుడు గూడ గిట్లనే ఉండేది. నేను కాసేపు ఆగుతనే, దీని సంగతి సూడాలె."

పాపయ్య పకపకా నవ్వాడు. ఆగాడు, ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ ఎక్కాడు. ఆ తర్వాత ఆమె మలుపును తిట్టింది, ఎండను తిట్టింది, ఆఖరి ఎత్తు మీద నుంచి లోయలో మెరుస్తున్న కృష్ణ కనబడితే, ఇంత దూరాన పారడానికి దానికేం రోగమని దాన్ని కూడా వదల్లేదు. హిల్ కాలనీలో చాయ్ బండి దగ్గరికి పాపయ్య చక్రం ముందు చేరింది, ఆండాళు చక్రం తర్వాత చేరింది.

దండ వేసేటప్పుడు నవీన్ చెయ్యి కాస్త వెనకాడింది. ఆమే తల వంచింది. ట్యూబుల రబ్బరు కంపు భరించరానిది. ఫోటో పోయిన కాసేపటికే శశిధర్ ఫోన్ చేశాడు.

"దండ పడ్డది గదా. సైకిల్ ఎవరికిద్దాం?"

"ఎవరికి లేదు. వచ్చే ఆదివారం గూడ పోతున్న" అని పెట్టేసింది.

అవతల పాపయ్య రెండో చాయ్ తాగుతూ, వచ్చే వారం ఎటు పోతున్నామని నవీన్‌ను అడుగుతున్నాడు. శ్యాంసుందర్ ఒక చాయ్ గ్లాసు తెచ్చి ఆండాళు చేతిలో పెట్టి, పక్కన నిలబడ్డాడు. మెచ్చుకుంటాడేమోనని ఆమె ఒక్క క్షణం ఆశపడింది.

"లాస్టు వచ్చుడు గూడ చేతగాదు నీకు" అన్నాడు, గొంతు తగ్గించి. "గంత పక్కకు ఉంటరా? జర దూరముండాలె. దగ్గరుంటే మనిషికి అనుమానమొస్తది. ఇగ ఆ తిట్లేంది, సప్పగ, పత్యం కూర తీరు?"

"మరేం చెయ్యాలన్నా?"

"వచ్చే ఆదివారంకల్ల నేర్చుకొని రా. ఇంటికాడ మొగుడున్నడు గదా."