ఆగి ఆగి వచ్చే ఓడ

పేటంతా ఆవిడని గొడుగులావిడ అంటారు. ఇప్పుడంటే రేకుల షెడ్డు, ఇద్దరు ప్యాకింగువాళ్ళు, ఊపిరి సలపని పని. ఇంటి ముందుగదిలో కూర్చుని ఆన్‌లైన్‌లో పిల్లల గొడుగులు అమ్మడం మొదలుపెట్టినప్పుడు మాత్రం ఉన్నది ఆవిడా, ఆవిడ ఆడపడుచూ, ఇద్దరే. ఆడపడుచు వయసులో చిన్నదేగానీ నోరు మాత్రం పెద్దది.

సరుకు సముద్రం అవతలి ఫ్యాక్టరీ నుంచి రావాలి. కిరాయి తక్కువని ఎప్పుడూ మామూలు ఓడకే వేసేవారు. అది ప్రతి రేవులోనూ ఆగి, కొంత దించి, కొంత ఎక్కించుకుని, పుట్టింటి నుంచి అత్తింటికి బయల్దేరిన పిల్లలా కాళ్ళీడ్చుకుంటూ వచ్చేది.

ఆ ఎదురుచూపుల రోజులే ఆవిడకి ఇప్పటికీ కళ్ళముందు మెదులుతాయి. పాత సరుకు అయిపోయి గది బోసిపోయేది. తలుపులు బార్లా తీసి నేల కడిగేవారు. తడి ఆరగానే ఇద్దరూ దానిమీదే వెల్లకిలా పడుకునేవారు. కిటికీలోంచి పడిన ఎండ మెల్లగా జరుగుతుంటే, దాన్ని తప్పించుకుంటూ వీళ్ళూ జరిగేవారు. కొన్నవాళ్ళు రాసిన మెసేజీలు ఆడపడుచు గొంతు మార్చి మార్చి చదివేది.

"గొడుగు బావుందండీ. మావాడు రాత్రిళ్ళు కూడా తెరుచుకునే పడుకుంటున్నాడు. మూసే ఉపాయం చెప్పగలరు."

ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. వంటింట్లోంచి పాలు పొంగిన వాసనొస్తేగానీ లేచేవారు కాదు.

ఒక ఏడాది కుందేలు చెవుల గొడుగులు జనం విరగబడి కొన్నారు. సరుకు నిండుకుంది. సరుకు లేని దుకాణాన్ని యాప్‌వాళ్ళు జాబితాలో అట్టడుగుకి నెట్టేస్తారు. పైగా వానలు ముంచుకొస్తున్నాయి.

"వదినా, ఈసారి ఎక్స్‌ప్రెస్ ఓడకి వేసేద్దాం."

"కిరాయి విన్నావా తల్లీ? పరిగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్ళు తాగడం మేలు."

"వాన వెలిశాక గొడుగెవరు కొంటారు? మనకి ఆ నీళ్ళు కూడా దక్కవు!"

పంచాయితీ షిప్పింగ్ ఏజెంటు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెవిలో పెన్సిల్ తిప్పుకుంటూ తాపీగా చెప్పాడు. "ఎక్స్‌ప్రెసంటే ఎగిరొచ్చేది కాదమ్మా, అదీ నీళ్ళమీదే వస్తుంది. కాకపోతే దారిలో ఎక్కడా ఆగదు, రేవులో ముందు దాన్నే దింపుతారు. ఆ తొందర మీకుందో లేదో మీరే తేల్చుకోవాలి."

తేలలేదు. చివరికి సగం సరుకు ఆడపడుచు ఓడకి, సగం వదిన ఓడకి అని ఒప్పందం చేసుకున్నారు.

ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన సగం తొలి వానలకే ఊడ్చుకుపోయింది. మిగతా సగం తెచ్చే ఓడ, రేవులో రద్దీ ఎక్కువై, బయట సముద్రంలోనే లంగరేసుకుని కూర్చుంది. ఆ సరుకు గుమ్మంలోకొచ్చేసరికి వానలు వెలిసి ఆకాశం అద్దంలా ఉంది. పెట్టెలు గదిలో పైకప్పు దాకా పేర్చారు. ఆడపడుచు ఒక్క ముక్క దెప్పలేదు. ఆవిడకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

"ఏమే, ఏమీ అనవా?"

"ఏమనమంటావ్ వదినా? పోట్లాడదామంటే ఈ గదిలో నిలబడే చోటేదీ?"

ఉక్రోషం కాస్తా నవ్వైపోయింది.

ఆ గొడుగులు మరుసటి ఏడు వానలకిగానీ కదల్లేదు. అప్పట్నుంచి సీజన్ సరుకు ఎక్స్‌ప్రెస్‌కి, ఏడాది పొడుగునా పోయే మడత గొడుగులు మామూలు ఓడకి వేయడం అలవాటైంది. ఒక ఓడ సరుకు అమ్ముడయ్యేలోపు ఇంకో ఓడది వచ్చిపడేది. వ్యాపారం పుంజుకుంది. గది మాత్రం మళ్ళీ ఖాళీ అవలేదు. ఇద్దరూ మాట్లాడుకున్నా, టేపు అంటిస్తూ, తల ఎత్తకుండానే.

ఆడపడుచు పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళి, అక్కడ తనూ ఒక ఆన్‌లైన్ దుకాణం పెట్టుకుంది. మొన్న ఫోన్ చేసింది.

"వదినా, స్కూలు బ్యాగులు తెప్పిస్తున్నా. ఏ ఓడకి వేయను?"

"బళ్ళు తెరిచేలోపు అందాలిగా? ఎక్స్‌ప్రెస్సే. అయినా ఇది నాకు నేర్పిందే నువ్వు, నన్నడుగుతావేంటే?"

"తెలియక కాదులే. ఊరికే చేశా."

బయట లారీ హారన్ మోగింది. సరుకు దింపుకోమని ప్యాకింగువాళ్ళకి సైగ చేసి, గొడుగులావిడ ఒక మూట మీద కూలబడింది.

"ఊఁ, ఇంకేంటి, చెప్పు" అంది.