చప్పట్లకు బెదరని పిల్లి

ఆ రోజుల్లో లైబ్రరీలో దొరకని జ్ఞానం లోకంలోనే లేదని నా గట్టి నమ్మకం. (సగం నమ్మకం ఇప్పటికీ మిగిలే ఉంది.) నిజాం రాజ్యంలోకి యూనియన్ సైన్యం రాబోతోందని సికింద్రాబాదంతా బియ్యం, జొన్నలు ఇళ్లల్లో దాచుకుంది. మనుషుల భయం ఎలుకలకు పండగైంది. నా అద్దె మేడగదిలో అవి లైబ్రరీ పుస్తకం అట్ట కొరికేశాయి. ఇంకొకటి పాడైతే కార్డు రద్దేనన్నాడు లైబ్రేరియన్. కార్డు పోతే నేను వట్టి గుమాస్తానే! పిల్లిని పెంచి తీరాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

ఎంచుకునే పద్ధతి కూడా లైబ్రరీలోని పిల్లుల పుస్తకంలోనే చదివాను. కూనల వెనక చేరి చప్పట్లు కొట్టాలి, బెదరనిదే మేలైనది. బొల్లారంలో ఒక వంటమనిషి పెరట్లో నేను చప్పట్లు కొట్టగానే కూనలన్నీ కట్టెల మోపు కిందికి దూరాయి. నీలికళ్ల తెల్లది మాత్రం తాపీగా మూతి తుడుచుకుంటూ కూర్చుంది. దాన్ని సంచిలో వేసుకుని విజయగర్వంతో వస్తే, ఇంటి యజమానురాలు పెద్దమ్మ మెట్ల దగ్గరే ఆపింది. “ఏందయ్యా గది? పొద్దుగాల పిల్లి ఎదురొస్తే నా పనులన్నీ ఖరాబైతయ్.” “ఇది మామూలు పిల్లి కాదు పెద్దమ్మా, పరీక్ష పాసైంది” అన్నాను. “నువ్వే మెట్రిక్ పాస్ కాలె, పిల్లి పాసైందా? నాల్గు దినాలు చూస్తా. తర్వాత పిల్లి అన్న పోవాలె, నువ్వన్న పోవాలె.”

ఆ గడువు తీరకముందే పోలీసు చర్య మొదలైంది. విమానాల మోతకు వాటాలవాళ్లందరం పెద్దమ్మ గదిలో చేరాం. (నేను ఆమె మంచం కింద.) పిల్లి మాత్రం బియ్యం బస్తా మీద వెల్లకిలా నిద్రపోయింది. “గా పిల్లికున్న ధైర్యం సుత లేదా? జెర బయటికి రా, మెట్రిక్!” అంది పెద్దమ్మ. అందరూ నవ్వారు, భయం కొంత దిగింది. పిల్లికి ఇంట్లో చోటు ఖాయమైంది. దాని వాసనకే ఎలుకలు దూరమయ్యాయి, నా కార్డు దక్కింది.

ఊరు సద్దుమణిగాక ఒకనాడు పిల్లి వెనకే ఇత్తడి బిందె దొర్లింది. అది చెవైనా కదపలేదు. లైబ్రరీకి పరుగెత్తి ఆ పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పితే, నీలికళ్ల తెల్ల పిల్లులకు తరచు చెవుడుంటుందని ఉంది! కొత్త జ్ఞానం కడుపులో దాచుకోవడం నాకు చేతకాదు. వచ్చి పెద్దమ్మకు చెప్పేశాను.

“గది నాకు తొలినాడే ఎర్కయ్యా. ఎంత పిలిచినా తిరిగి చూడలె. కానీ అందరు పరేషాన్ల ఉన్నప్పుడు ఇంట్ల ఒక్కరన్న భయపడకుంట ఉండాలె గద!”

ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లోనూ పిల్లి ఉంది. చప్పట్లకు అన్నిటికంటే ముందు బెదిరినదాన్నే ఎంచి తెచ్చుకున్నాను. దీపావళికి అది మంచం కింద దూరుతుంది. తోడు వెళ్దామంటే నా నడుమే ఒప్పుకోవడం లేదు.