రావచ్చుగారి బోర్డు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. కాగితాల మీద తప్ప అది ఎక్కడా వాడుకలో లేదు. రేవు వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన రావచ్చుగారు. చివర ‘గారు’ తగిలించారు కదా అని గౌరవం అనుకునేరు. ఎగతాళిని కూడా మర్యాదగా చేసే ఊరది, అంతకుమించి ఏమీ లేదు.

ఆయనది లాండ్రీ. వీధి మలుపులో రెండు గదుల దుకాణం. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, బట్టల మూటలు. వెనక గదిలో బట్టలు ఉడకబెట్టే డ్రమ్ములు. పైన డాబా మీద ఈ గోడ నుంచి ఆ గోడకు పదహారు తీగలు. ఆసుపత్రి దుప్పట్లు, లాడ్జీల దుప్పట్లు అన్నీ అక్కడే ఆరాలి. చలికాలంలో దుప్పటి ఆరడానికి ఆరు గంటలు పడుతుంది. అయిదో గంటలో వాన పడిందా, మొత్తం మళ్ళీ డ్రమ్ములోకే. భార్యాభర్తలిద్దరూ నడుములు విరిగేలా మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అందుకని ఆయన ఆకాశం చూడడం మొదలుపెట్టింది చదువు వల్ల కాదు, నడుం నొప్పి వల్ల.

చూడగా చూడగా అది పిచ్చిగా మారింది. పాత ఓడల సామాను అమ్మే దుకాణంలో గాలి బరువు చూపే బారోమీటరు ఒకటి కొనుక్కొచ్చి అద్దం పక్కన తగిలించాడు. ముల్లు పడిపోతోందంటే వాతావరణం చెడబోతోందని లెక్క. రోజుకు మూడుసార్లు ముల్లు ఎక్కడుందో, గాలి ఎటు నుంచి వీస్తోందో, అలకూ అలకూ మధ్య ఎంతసేపు పడుతోందో నోటుపుస్తకంలో రాసేవాడు. ఇరవై రెండేళ్లలో పదకొండు పుస్తకాలు నిండాయి. “మీ ఇంట్లో గడియారం ఎప్పుడు చూసినా టైము తప్పు చూపిస్తుందేంటండీ” అని ఎదురుగా ఉన్న మంగలి షాపాయన బారోమీటరును చూసి వచ్చిన ప్రతివాడి ముందూ అనేవాడు. అన్నమాటే అనడంలో ఆయనకు విసుగు లేదు.

గుమ్మం పక్కన నల్లబోర్డు ఉండేది. మొదట్లో దాని మీద ‘అర్జెంటు ఇస్త్రీ చేయబడును’ అని ఉండేది. అది చెరిపేసి, రోజూ పొద్దున్నే వాన సంగతి, గాలి సంగతి రాయడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆయన రాతలో నసుగుడు లేదు. ‘మధ్యాహ్నం వాన పడుతుంది.’ ‘రేపు పొగమంచు ఉంటుంది.’ పదిసార్లు రాస్తే ఎనిమిదిసార్లు నిజమయ్యేది. ఊరు మాత్రం మిగతా రెండింటినే భద్రంగా గుర్తుపెట్టుకుంది.

అయిదేళ్ల కిందట ఒక చలికాలం పొద్దున ఆయన బోర్డంతా నిండేలా రాశాడు: ‘తుఫాను వస్తుంది. లాంచీలు కదలొద్దు.’ జనం నమ్మారు. బజారు మూసేశారు. లాంచీలకు రెండేసి తాళ్లు కట్టారు. బడికి సెలవిచ్చారు. తర్వాత రెండు రోజులూ ఆ చలికాలం మొత్తంలో కాయనంత చక్కటి ఎండ కాసింది. తుఫాను సముద్రంలోనే ఎటో తప్పుకుని పోయింది. ఇక చూడండి. మంగలి షాపాయన గొడుగు వేసుకుని వీధిలో తిరిగాడు. “పాపం తుఫాను దారి తప్పినట్టుంది, ఎవరికైనా కనబడితే లాండ్రీ దగ్గర దింపండి” అన్నాడు. రేవు అధికారి పిలిపించి, కూర్చోమనకుండా మాట్లాడాడు.

“వస్తుంది అని రాయడానికి నువ్వెవరయ్యా? అంత సరదాగా ఉంటే రావచ్చు అని రాసుకో. ఎవరికీ నష్టం ఉండదు.”

తల కొట్టేసినట్టయి ఇంటికి వచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన బోర్డు మీద ‘పడుతుంది’, ‘వస్తుంది’ అన్న మాటలు మాయమయ్యాయి. వాన రావచ్చు. గాలి తగ్గవచ్చు. ఎండ కాయవచ్చు. అంతా గోడ మీద పిల్లి వాటం. నోటి మాట కూడా అలాగే తయారైంది. భోజనం చేస్తారా అని భార్య అడిగితే “చేయొచ్చు” అనేవాడు. ఆవిడ గరిటె పట్టుకుని, “చేస్తారా చెయ్యరా, ఏదో ఒకటి చెప్పండి, గిన్నె కడుక్కోవాలి” అనేది. పేరు అలా వచ్చింది.

నవ్వని మనిషి ఒక్కడే. ఆయన బావమరిది. రేవుకూ ఎదురుగా ఉన్న దీవికీ మధ్య లాంచీ నడిపే సరంగు. మామూలు రోజుల్లో బావను ఆటపట్టించకుండా వాడికి పొద్దుగడవదు. “బావా, నీ బోర్డు చదివి మా ఇంజను కూడా స్టార్టు కావచ్చు, కాకపోవచ్చు అంటోంది” అనేవాడు. కానీ ఆ రెండు రోజుల ఎండలో, ఊరంతా పళ్లికిలిస్తున్నప్పుడు, వాడు వచ్చి ఇస్త్రీ బల్ల మీద కూర్చుని, “నువ్వు తప్పు చెప్పలేదు బావా. అది తప్పుకుంది, అంతే” అన్నాడు. ఆ తర్వాత కూడా తాడు విప్పే ముందు రోజూ ఒకసారి బోర్డు దగ్గరకు వచ్చి చూసిపోయేవాడు. రావచ్చుగారి జీవితంలో తనను అంతగా నమ్మినవాడు మరొకడు లేడు.

ఈ చలికాలం మధ్యలో ఒక పొద్దున, ముల్లు పడిపోవడం మొదలైంది. ఆరింటికి చూశాడు. ఎనిమిదింటికి చూశాడు. పదకొండు పుస్తకాలూ తిరగేసినా రెండు గంటల్లో అంత పడిన రోజు ఒక్కటీ దొరకలేదు. డాబా ఎక్కితే దుప్పట్లు రోజూలా ఊరివైపు కాకుండా సముద్రంవైపు ఎగురుతున్నాయి. అలకూ అలకూ మధ్య లెక్కపెట్టాడు. అలలు బరువుగా, తీరిగ్గా వస్తున్నాయి. అయిదేళ్ల కిందట ఈ మూడింటిలో రెండే కలిశాయి. ఇవాళ మూడూ కలిశాయి. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తుంది. ఇందులో ఆయనకు రవ్వంత కూడా అనుమానం లేదు.

కిందికి దిగి బోర్డు మీద రాశాడు: ‘మధ్యాహ్నం తుఫాను వస్తుంది.’

రాసి వెనక్కి తిరిగేసరికి మంగలి షాపు తలుపులు తెరుస్తున్న చప్పుడు వినబడింది. సుద్దముక్క చేతిలో ఉండగానే ఆయన మరో చేత్తో తడిగుడ్డ అందుకున్నాడు. చెరిపేసి, బోర్డు ఆరకముందే మళ్ళీ రాశాడు: ‘తుఫాను రావచ్చు.’

తొమ్మిదింటికి బావమరిది వచ్చాడు. దుకాణంలో అప్పటికే మంగలి షాపాయన తన తువ్వాళ్ల కోసం నిలబడి ఉన్నాడు. టీ కొట్టతను, మరొకతను ఊరికే గుమ్మానికి ఆనుకుని ఉన్నారు.

“అక్కా, నా చొక్కా అయిందా?” అని లోపలికి కేకేసి, సరంగు బావ వైపు తిరిగాడు. “బావా, రేపు పొద్దున దాకా భయం లేదంటున్నారు రేవు ఆఫీసు వాళ్లు. దీవిలో క్వారీ పనివాళ్లు తొమ్మిదిమంది మూటలు కట్టుకుని కూర్చున్నారు, సెలవు దొరికింది, ఇళ్లకు రావాలి. నేను పోయి రావాలంటే మూడు దాటుతుంది. ఏమంటావ్?”

“బోర్డు మీద రాశాను కదరా.”

“బోర్డు ఊరికి. నాకు నువ్వు చెప్పు. వస్తుందా, రాదా? వస్తుందంటే తాడు విప్పను. వాళ్లు తిట్టుకుంటే తిట్టుకుంటారు, రేపో ఎల్లుండో తీసుకొస్తా.”

మంగలి షాపాయన తువ్వాళ్లు చంకలో పెట్టుకుని, “చెప్పండి రావచ్చుగారూ. ఈసారి గొడుగు తెచ్చుకోమంటారా?” అన్నాడు. గుమ్మంలో ఇద్దరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

వస్తుంది. మాట గొంతు దాకా వచ్చింది. రెండూ మూడేసి అక్షరాల మాటలే. ఒకటి అనడం రెండోది అనడంకన్నా కష్టమేమీ కాదు.

“రావచ్చు” అన్నాడు.

బావమరిది ఆయన ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఆగాడు కూడా. తర్వాత, “అంటే అంత గట్టిగా లేదన్నమాట. సరే, అది వచ్చేలోపు నేనొచ్చేస్తాలే” అని చొక్కా భుజాన వేసుకుని రేవువైపు నడిచాడు.

ఇక్కడ ఈయన తరఫున ఏదైనా చెబుదామని నేను చాలా వెతికాను. దొరకలేదు. వీధి చివర మలుపు తిరిగేదాకా వాడి వీపు కనబడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే వినబడేంత దూరం. మంగలి షాపాయన ఇంకా దుకాణంలోనే ఉన్నాడు. ఈయన కుక్కిన పేనులా నిలబడి ఆయన ఇచ్చిన తువ్వాళ్ల డబ్బులు లెక్కపెట్టాడు.

పదిన్నరకు ముల్లు మళ్ళీ చూసి చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు పరిగెత్తాడు. లాంచీ వెళ్ళిపోయి గంట దాటింది. దానికి కబురు చేసే దారి లేదు. రేవు ఆఫీసు కిటికీ దగ్గర ఆయన ఏదో అరుస్తుంటే గుమాస్తా, “ఇంకా సర్క్యులర్ రాలేదండీ” అన్నాడు.

రెండున్నరకు తుఫాను వచ్చింది. డాబా మీది దుప్పట్లు తీగలతో సహా లేచిపోయాయి. జనం రేవు గోడ వెనక నక్కి చూస్తుండగా, మూడు దాటాక లాంచీ రేవు ముఖద్వారం దగ్గర కనబడింది. గోడ వెనక నుంచి ఎవరో “వచ్చేశాడు, వచ్చేశాడు” అన్నారు. అడ్డంగా ఒక అల తగిలింది. ఆ తర్వాత అక్కడ నీళ్లే ఉన్నాయి. సరంగు, ఇంజను చూసే పెద్దాయన, తొమ్మిదిమంది పనివాళ్లు, మొత్తం పదకొండుమందిలో నలుగురు రాళ్లు పట్టుకుని బతికారు. సరంగు మూడో రోజు దొరికాడు.

ఇక ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. పేపరువాళ్లు వచ్చి నల్లబోర్డును ఫోటో తీశారు. రేవు అధికారి తనే నడుచుకుంటూ లాండ్రీకి వచ్చాడు. ఈసారి ‘మీరు’ అన్నాడు. “మీరు సరైన మాట రాశారు. ముందే హెచ్చరించారు. విననివాడిదే తప్పు” అని చెయ్యి కలిపి, విచారణ నివేదికలో కూడా ఆ ముక్కే రాయించాడు. ఆయన ఆఫీసు చెప్పిన ‘రేపు పొద్దున’ సంగతి దాంతో మునిగిపోయింది. మంగలి షాపాయన గడ్డం గీసిన ప్రతివాడికీ, “నేనక్కడే ఉన్నానండీ, నా చెవులారా విన్నాను. ఆయన చెప్పాడు, సరంగే లెక్కచెయ్యలేదు” అని చెప్పాడు. రావచ్చుగారు అనే పేరులో ఎగతాళి పోయి నిజంగానే గౌరవం వచ్చి చేరింది. పోయిన పనివాళ్ల తాలూకు మనుషులు మాత్రం సరంగు ఇంటి ముందు నిలబడి, పోయినవాణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టిపోశారు. వాళ్లను తప్పుపట్టలేం. వాళ్లకు చెప్పింది అదే మరి.

ఈయన కాదనలేదు. అవుననీ అనలేదు. ఎవరు పొగిడినా తల దించుకునేవాడు. అది వినయమని ఊరు మురిసిపోయింది.

పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం, ఇస్త్రీ చేస్తూ చేస్తూ భార్య తలెత్తకుండానే అడిగింది.

“ఆ రోజు బోర్డు మీద ముందు ఏం రాశారు?”

ఆయన మూట విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు.

“తడి మీద రాశారు. అక్షరాలు అలుక్కుపోయాయి. అంతకు ముందు ఏదో రాసి చెరిపారు. ఏం రాశారు?”

“వస్తుంది అని.”

“వస్తుందని మీకు తెలుసా?”

“తెలుసు.”

ఆవిడ ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడిస్తే బాగుండేదని కూడా అనిపించింది. ఆవిడ చేతిలోని దుప్పటి నాలుగు మడతలు పెట్టి, పక్కన పెట్టి, “వెళ్ళి నా మరదలికి చెప్పండి” అంది. “నేను చెప్పను. అది నేను చెప్పాల్సింది కాదు. చెప్పేదాకా నాతో మాట్లాడకండి.”

సరంగు ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన వెళ్ళేసరికి బావమరిది భార్య వీధి తలుపు కడుగుతోంది. ఎవరో బురద కొట్టారు. ఎదుటి అరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఆ కడగడాన్ని చూస్తున్నారు. ఆయన్ను చూడగానే ఆమె చీపురు పక్కన పెట్టి, “రండన్నయ్యా” అని లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేసింది. తను గోడకు ఆనుకుని నిలబడింది.

ఆయన నోరు తెరిచేలోపే ఆమె మొదలుపెట్టింది.

“మీరు చెప్పారటగా అన్నయ్యా, అందరూ అంటున్నారు. ఆయన మొండితనం మీకు తెలియంది కాదు. మీ మాట వినుంటే ఇవాళ ఏడుగురు బతికుండేవాళ్లు. అంత మంచి చెబితే కూడా పెడచెవిన పెట్టారు. మీకు ఎంత బాధగా ఉంటుందో నాకు తెలుసు. ఆయన తరఫున నేను అడుగుతున్నా, మనసులో ఏం పెట్టుకోకండి. క్షమించండి” అని రెండు చేతులూ జోడించింది.

ఆ చేతులను చూస్తూ కూర్చోలేక ఆయన లేచి నిలబడ్డాడు.

“వాడు విన్నాడమ్మా.”

ఆమెకు అర్థం కాలేదు.

“నా మాట విన్నాడు కాబట్టే వెళ్ళాడు. వస్తుందంటే తాడు విప్పను అన్నాడు. రావచ్చు అన్నాను. వస్తుందని నాకు తెలుసు. తెలిసే అలా అన్నాను.”

ఆమె జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. “ఎందుకు?” అంది.

“నవ్వుతారని.”

ఆమె వెళ్ళి, కడిగిన వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. ఎదుటి అరుగు మీద ఆడవాళ్లు మాటలాపి ఇటు చూశారు.

“ఇక్కడ కాదు. బయట నిలబడి చెప్పండి” అంది. అన్నయ్యా అనలేదు.

ఆయన గుమ్మం దాటి, తడి మెట్టు దిగి, వీధి మధ్యలో నిలబడ్డాడు.