నడుము దగ్గర వదిలిన గుడ్డ

“గుండుసూది. సగం దాకా దిగింది. నాకు తెలిస్తే ఒట్టు.”

కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుని, ఎడమ పాదాన్ని ఎత్తి తొడ మీద పెట్టుకోబోయారు మాస్టారు. పొట్ట అడ్డొచ్చి పాదం జారిపోయింది. నేనే వంగి చూశాను. మడమ పక్కన చిన్న నల్లటి చుక్క, చుట్టూ కాస్త ఎరుపు.

“నొప్పి లేదా బాబాయ్?”

“అదేగా నా భయం.”

నిన్న పొద్దున ఆయన భార్య, నేను పిన్ని అని పిలిచే ఆవిడ, టీ తెచ్చి పెడలు మీద తడి చూసిందట. నీళ్లు ఒలికాయనుకుని తుడవబోతే గుడ్డకి ఎర్రగా అంటిందట. అప్పటికే మాస్టారు ఆ సూదితోనే తొక్కుతూ నాలుగు చొక్కాల చేతులు కుట్టేశారు.

ఆ మెత్తటి ఒళ్లు చూసి వీధిలో ఆయన్ని పరుపు మాస్టారంటారు. ఆ పేరు తనే పెట్టుకున్నానని గొప్పగా చెప్పుకునేవారు. ఆయన కంటే ముందు ఆయన పొట్ట గుమ్మం దాటుతుందని పిన్ని అన్నా నవ్వేవారు. నిన్నటి నుంచి ఆ నవ్వు లేదు.

పిన్ని రెక్క పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ కళ్లు మూసుకోమని, అరికాలికి సన్నటి తీగ ఆనించి, తగిలినప్పుడు చెప్పమన్నారట. ఇంకా మొదలుపెట్టలేదు కాబోలనుకుని ఈయన ఎదురుచూస్తూ కూర్చున్నారట. కళ్లు తెరిచేసరికి ఆవిడ తీగ లోపల పెట్టేస్తున్నారు.

తర్వాత నడుము కొలిచారు. అంకె విని మీ టేపు తప్పని వాదించొచ్చారు మాస్టారు.

“ఎవరికైనా ప్యాంటు బిగుసుకుంటే తెలుస్తుంది. నేను బిగుసుకోనిస్తేగా? కాస్త పట్టగానే వెనక కుట్టు విప్పి, లోపల వదిలిన గుడ్డ బయటికి తీసి కుట్టేసుకునేవాణ్ణి. పదేళ్లలో ఒక్క పూట కూడా బిగుతు తెలీలేదు నాకు.”

డాక్టరమ్మ చెప్పినదంతా నాకు అప్పజెప్పారు. కొవ్వంటే మూటగట్టి మూల పడేసిన సరుకు కాదట. హార్మోన్లు తయారుచేసి రక్తంలోకి వదులుతుందట. వాటిలో లెప్టిన్ అనేది, నిల్వ నిండింది, ఇక చాలు అని మెదడుకి కబురు చేస్తుంది. ఒళ్లు పెరిగేకొద్దీ ఆ కబుర్లూ పెరుగుతాయి గానీ, మెదడు వాటిని చెవిన పెట్టడం తగ్గిస్తుందట. ఇంకో హార్మోను, చక్కెరని అదుపులో ఉంచే ఇన్సులిన్‌కి సాయం పట్టేది, పొట్టలో కొవ్వు చేరినకొద్దీ తగ్గిపోతుందట. అయినా లావుగా ఉన్నవాళ్లందరి లోపలా ఒకేలా ఉండదు, రక్తం చూడందే ఏమీ చెప్పలేను అన్నారట ఆవిడ. ఆ ఒక్క మాట పట్టుకుని వేలాడుతున్నారు మాస్టారు.

“పెంచి పోషించింది నేనే.” పొట్ట మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశారు. “ఇప్పుడు ముట్టుకోవాలన్నా భయంగా ఉంది. లోపల ఎవరికి ఏం చెబుతోందో.”

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆయన అన్నయ్యా దర్జీయే, ఇదే ఒళ్లు. చక్కెర జబ్బుతో ఆయన పాదం ఇలాగే మొద్దుబారితే మొదట కాలి బొటనవేలు తీశారు, ఆ తర్వాత మోకాలి దాకా. పెడలు తొక్కలేక, తమ్ముడి కొట్లో ఓ మూల కాజాలు కుడుతూనే కన్నుమూశారు. ఆ సంగతి చెబుతున్నంతసేపూ మాస్టారు తన పాదాన్ని నొక్కి చూసుకుంటూనే ఉన్నారు, ఎక్కడైనా నొప్పి దొరుకుతుందేమోనని.

ఆసుపత్రిలో నిన్న ఇచ్చొచ్చిన రక్తం రిపోర్టు సిద్ధమైందని అప్పుడే ఫోనొచ్చింది. లోపల పిన్ని బయల్దేరబోతున్న అలికిడి. మాస్టారు గొంతు తగ్గించారు.

“మీ పిన్నిని నేను ఆపుతాను, నువ్వెళ్లు. దాని మొహం చూస్తే నాకు గుమ్మంలోనే తెలిసిపోతుంది. నువ్వు ఆ కాగితం చదవకు, డాక్టరమ్మ చేతికే ఇవ్వు. ఈ కాలు నాకు ఉంటుందా అని ఒక్కటే అడుగు. ఏమన్నా సరే, ఉన్నదున్నట్టు నాకే చెప్పు. ఇక నన్ను నేను మోసం చేసుకోను.”

నేను మెట్లు దిగుతుంటే మళ్లీ పిలిచారు.

“వచ్చేటప్పుడు మామూలుగా నడిచి రా. పరిగెత్తుకు రాకు.”