చాచా పావురాలు, నా లినక్సు డబ్బా

ఆ రోజుల్లో చేతిలో ఒక ఉద్యోగం, ఇంట్లో ఒక కంప్యూటరు ఉన్న కుర్రవాడికి, ప్రపంచంలో బాగుచేయవలసిన వస్తువులన్నీ తన కోసమే ఎదురు చూస్తున్నాయని అనిపించేది. పాడైపోయినవాటిని ఎవరైనా బాగుచేస్తారు, బాగా నడుస్తున్నదాన్ని బాగుచేయడంలోనే ప్రతిభ ఉందని నా నమ్మకం. ఇది అలా బాగా నడుస్తున్న ఒక డబ్బా కథ. మొఘల్‌పురాలో మా గల్లీ పాతవాళ్లు ఇప్పటికీ దీన్ని చెప్పుకుంటారు. చెప్పుకుని చివర్న కరెంటువాళ్లను, మాకు నెట్టు కనెక్షన్ ఇచ్చిన భాయ్‌ని కలిపి తిడతారు. వాళ్లకు తెలియని ముక్క ఒకటి ఈ కథలో ఉంది. అది నా దగ్గరే ఉండిపోయింది. ఇన్నేళ్లకు దాన్ని ఉండవలసిన చోట పెడదామని ఇది రాస్తున్నాను.

నాన్న గవర్నమెంటు ఉద్యోగం మీద కోస్తా నుంచి వచ్చి పాతబస్తీలో స్థిరపడ్డాడు. మాది పై వాటా. కింద వాటాలో ఇంటి యజమాని చాచా (నాకూ చాచాయే, నాన్నకూ చాచాయే, అద్దె తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు అమ్మకూ చాచాయే). డాబా మాత్రం ఎవరి వాటాలోనూ లేదు. అది పావురాలది. పొద్దున వాటిని ఎగరేసి, సాయంత్రం చాచా డాబా మధ్యలో నిలబడి, గింజల డబ్బా గలగలలాడిస్తూ "ఆవ్... ఆవ్... ఆవ్ బేటా" అని గొంతెత్తి పిలిస్తే, ఎక్కడో చుక్కల్లా ఉన్నవి గుంపుగా దిగి వచ్చేవి. ఆ కేక విని మా అమ్మ పొయ్యి మీద కాఫీ నీళ్లు పెట్టేది. గల్లీలో చాలామందికి అదే గడియారం.

అలాంటి మనిషికి గొంతులో ఏదో కాయ లేచింది. ఆపరేషన్ చేయాలన్నారు, చేశాక గొంతు మునుపటిలా ఉండదని కూడా చెప్పారు. ఆపరేషన్‌కు ముందు ఒక సాయంత్రం చాచా మా వాటాకు వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "బాబు, నీ కంప్యూటర్ల నా ఆవాజ్ దాచిపెడ్తవా? నాకోసం కాదు. కబూతర్లకు" అన్నాడు. మైకు పట్టుకుని డాబా మీదికి వెళ్లి ఆయన పిలుపు రికార్డు చేశాను. ఆపరేషన్ తర్వాత చాచాకు గుసగుస మాత్రమే మిగిలింది. ఇక రోజూ సాయంత్రం నేనో, అమ్మో కంప్యూటరు పెట్టి ఆ రికార్డు వేయాలి. నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, అమ్మ మౌసు పట్టుకుని నానా తంటాలు పడుతుంటే, చాచా డాబా మీద ఆకాశం కేసి చూస్తూ నిలబడి ఉండేవాడు.

మా ఇంట్లో అప్పటికే ఒక డబ్బా ఉండేది. పాత కంప్యూటర్లు అమ్మే చోట కొన్నది. లోపల ఒక హార్డ్ డిస్కు, ముందు ఒక చిన్న లైటు, వెనక నెట్టు తీగ. ఇంట్లో ఫోటోలూ పాటలూ అందులో దాచుకుంటే ఏ కంప్యూటరు నుంచైనా చూసుకోవచ్చు. దాని పని అంతే, ఆ పనిని అది ఏ గొడవా లేకుండా చేసేది. నేను మాత్రం ఇంటర్నెట్లో చదివాను, ఆ డబ్బా లోపల ఉన్నది నిజానికి ఒక బుల్లి కంప్యూటరేననీ, కంపెనీవాళ్లు పెట్టిన పొట్టి లినక్సు (కంప్యూటరును నడిపించే ప్రోగ్రాము) తీసేసి పూర్తి లినక్సు ఎక్కిస్తే దాని చేత ఏ పనైనా చేయించవచ్చనీ. డాబా మీద ఒక స్పీకరు పెట్టి దీనికి తగిలిస్తే, రోజూ సూర్యాస్తమయం వేళకు చాచా పిలుపు దానంతట అదే మోగుతుంది. అమ్మకు మౌసు బాధ తప్పుతుంది. (సాకు దొరికింది కనుక ఇలా అంటున్నాను. చాచా గొంతు బాగున్నా నేను ఆ డబ్బాను వదిలేవాణ్ని కాదు.)

దానికి తెర లేదు, మీటలు లేవు. ఎక్కించేటప్పుడు లోపల ఏం జరుగుతోందో ఆ చిన్న లైటు చెప్పాల్సిందే. లైటు పచ్చగా ఉంటే బతికినట్టు, నారింజ రంగులో కొట్టుకుంటుంటే ఏమైనా కావచ్చు. చాలా రోజులు నారింజ రంగులోనే కొట్టుకుంది. నేను దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని చూస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి, "దాంట్లో బొమ్మ లేదు, పాట లేదు. ఏం చూస్తున్నావురా గంటలకొద్దీ?" అనేది. నాన్న పేపరు దించకుండానే, "నా రిటైర్మెంటు ఫోటోలు అందులోనే ఉన్నాయి. అవి పోతే మళ్లీ రిటైరవడం కుదరదు" అన్నాడు. చివరికి ఒక ఆదివారం అది 'కీక్' మని కూసి పచ్చగా వెలిగింది. ఆ సాయంత్రం స్పీకరులోంచి చాచా గొంతు డాబా అంతా మోగితే, పక్కనే నిలబడ్డ చాచా తన గొంతు పట్టుకుని చూసుకున్నాడు. పావురాలు దిగాయి.

డబ్బాకు ఒకే ఒక్క జబ్బు మిగిలింది. కరెంటు పోయి వస్తే టైము మరిచిపోయి, ఏదో ఒక వేళ నుంచి లెక్క మొదలుపెట్టేది. లేవగానే ఇంటర్నెట్‌ను అడిగి సరిచేసుకునేది. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుంది కదా అని ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

ఆ చలికాలం హుస్సేనీ ఆలంలో పావురాలు ఎగరేసే ఒక ఉస్తాద్‌తో చాచాకు పోటీ కుదిరింది. తెల్లారగట్ల రెండు డాబాల మీదా పావురాలను వదులుతారు. ఎవరి గుంపు ఎక్కువసేపు ఆకాశంలో ఉంటే వాళ్లు గెలిచినట్టు. పొద్దుగూకేదాకానే పోటీ, ముందు దిగిన గుంపు ఓడినట్టు. గొంతు పోయాక చాచా పని అయిపోయిందని ఆ ఉస్తాద్ ఎక్కడో అన్నాడట. అది చాచాకు చేరింది. ఆ రోజు నుంచి ఆయన పావురాలకు పెట్టే గింజలు కూడా తానే ఏరి పెట్టాడు. పోటీ ముందురోజు నన్ను పిలిచి గుసగుసగా, "రేపు నీ డబ్బాను బంద్ పెట్టు బాబు. నా గొంతు ఇనవడ్తే మొత్తం దిగుతయ్. నేనైతే నోరు మూసుకుంట. అది మూసుకుంటదా?" అన్నాడు.

"బంద్ పెట్టక్కర్లేదు చాచా. సూర్యుడు దిగేదాకా అది నోరెత్తదు" అన్నాను. ఎంతో కష్టపడి లేపినదాన్ని ఆపడానికి నాకు మనసొప్పలేదు.

మర్నాడు డాబా మీద చాచా, నేను, అవతలి పక్షం తరఫున చూడటానికి వచ్చిన మోటా భాయ్. (ఆయన ఒళ్లు పట్టాలని కింది నుంచి చేతుల్లేని కుర్చీ తెచ్చాం.) పావురాలు పైన ఉన్నంతసేపు ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, ఈల వేయకూడదు, బట్ట ఊపకూడదు. అమ్మ తడి బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి. పొద్దెక్కింది. హుస్సేనీ ఆలం గుంపు తడబడుతోందని ఎవరో కబురు తెచ్చారు. చాచా గుంపు మాత్రం ఆకాశంలో ఇంకా పైకి పోతోంది. చాచా ముఖం చూస్తే ఆపరేషన్‌కు ముందు మనిషిలా ఉంది.

అప్పుడే నాన్న మెట్ల మీద నుంచి తల పైకెత్తి, "నెట్టు పోయిందిరా. క్రికెట్ స్కోరు రావట్లేదు" అన్నాడు. వెనకనుంచి అమ్మ, "రాత్రి కరెంటు పోయి వచ్చినప్పటినుంచీ లేదు. అప్పుడు నీ డబ్బా కూడా కీక్ మంది, నువ్వు లేవలేదు" అంది.

రాత్రి లేచిన డబ్బాకు టైము చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఇప్పుడు దాని లెక్కలో ఎంతయింది?

నేను లేచాను. మోటా భాయ్ చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎటు వోతున్నవ్ తమ్మీ? లేస్తే పిట్టలు బెదుర్తయ్. కూసో."

"బాత్రూముకు."

"గట్లనే వంగి పో."

డాబా అంతా వంగి నడిచి, మెట్లు మాత్రం రెండేసి దిగాను. కంప్యూటరు ముందు కూర్చుని, ఇంట్లో తీగ మీదే డబ్బాను టైము అడిగాను. పూర్తి లినక్సు ఆ బుల్లి డబ్బాకు మోయలేని బరువు. ప్రతి జవాబూ ఆలోచించి ఇచ్చేది. తొందరలో పాస్‌వర్డ్ తప్పు కొట్టాను, మళ్లీ కొట్టాను. చివరికి టైము చెప్పింది. బయట ఎండ మండుతుంటే, దాని లెక్కలో సూర్యుడు చార్మినార్ వెనక్కి దిగిపోతున్నాడు. పిలుపుకు ఇంకా కాసేపే ఉంది.

ఇదే వాళ్లెవరికీ తెలియని ముక్క. డబ్బా కరెంటు తీగ బల్ల కింద నా మోకాలికి తగులుతోంది. పీకితే అయిపోయేది. నేను పీకలేదు. నడుస్తుండగా కరెంటు తీసేస్తే డిస్కు పాడవుతుందనీ, మళ్లీ ఎన్ని రోజులు నారింజ లైటు ముందు మోకరిల్లాలో అనీ భయమేసింది. (రాత్రి కరెంటు పోయినప్పుడు అది అలాగే ఆగి, ఏమీ కాకుండా లేచింది. ఆ మాట నాకు తట్టనే లేదు.) పెద్దమనిషిని సాగనంపినట్టు, ఆపమని పద్ధతి ప్రకారం ఆజ్ఞ ఇచ్చాను. డబ్బా కూడా పద్ధతి ప్రకారమే ఒక్కో పనీ ఆపుకుంటూ, తీరిగ్గా, ఒక్కో వరుసా నా కంప్యూటరు తెర మీద రాసుకుంటూ పోయింది. తీగ మోకాలికి తగులుతూనే ఉంది. నేను వరుసలు చదువుతూనే ఉన్నాను.

"ఆవ్... ఆవ్... ఆవ్ బేటా."

రెండో పిలుపు మధ్యలో గొంతు తెగింది, డబ్బా ఆగిపోయింది. కానీ ఆ పాటి చాలు. పైన రెక్కల చప్పుడు వినిపించింది. వర్షం దగ్గరికి వస్తున్నట్టు ఉండేది ఆ చప్పుడు, ఎప్పుడూ నాకు ఇష్టం. ఆ పూట చెవులు మూసుకున్నాను.

పైకి వెళ్లేసరికి పావురాలన్నీ పిట్టగోడ మీద ఉన్నాయి. మోటా భాయ్ టీ గ్లాసు కింద పెట్టి, "ఖేల్ ఖతం" అని కుర్చీలోంచి లేవడానికి ప్రయత్నిస్తున్నాడు. చాచా గింజల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాడు. అందరూ నావైపు చూశారు.

"రాత్రి కరెంటు పోయింది చాచా. నెట్టు కూడా లేదు. దానికి టైము తెలియలేదు" అన్నాను. ఒక్క మాటా అబద్ధం కాదు.

చాచా గింజలు చల్లాడు. పిలిచి అన్నం పెట్టకపోవడం ఆయన పద్ధతి కాదు. "ఒక్కటన్న ఆగిందా చూసినవా?" అన్నాడు గుసగుసగా. "నా ఆవాజ్‌కు నా పెండ్లాం గూడ గింత జల్ది రాదు."

అప్పుడే మెట్లెక్కి వచ్చిన చాచీ, "పిలిచి సూడు, చెంచా పట్టుకొని వస్త" అంది. మోటా భాయ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"నువ్వేం జేస్తవ్ బాబు" అని చాచా నా భుజం మీద చెయ్యి వేశాడు. "కరెంటోళ్ల లొల్లి గిట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు." ఆ చెయ్యి బరువుగా లేదు. దాని కింద నిలబడటమే కష్టమైంది. సాయంత్రం నెట్టు భాయ్ తీగ సరిచేయడానికి వచ్చాడు. గల్లీ మొత్తం అతన్ని చుట్టుముట్టి, చాచా పోటీ పోగొట్టిందే నువ్వని నిలదీస్తుంటే, నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. "నేనేం జేసిన అన్నా?" అని అతను నన్నే అడిగాడు. నిచ్చెన ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

వచ్చే ఏడు చూద్దామన్నాడు చాచా. వచ్చే ఏటికి ఆయన డాబా మెట్లు ఎక్కడం మానేశాడు. ఆ తర్వాత మనిషి లేడు. ఆయనకు చెప్పవలసిన మాట కాగితం మీద మీకు చెబుతున్నాను. నెట్టు భాయ్ ఎక్కడున్నాడో తెలియదు. కనబడితే అతనికీ చెబుతాను.

ఇప్పుడు మేం సైదాబాద్‌లో ఉంటున్నాం. డబ్బా బాల్కనీ పక్క అల్మారాలో, నెట్టు లేకుండా, అదే లినక్సుతో, అదే జబ్బుతో నడుస్తోంది. అందులోని ఫోటోలన్నీ ఎప్పుడో వేరే చోటికి మార్చాను. అయినా దాన్ని ఎందుకు ఉంచానని మా ఆవిడ అడుగుతుంది. కరెంటు పోయి వచ్చిన రోజుల్లో దానికి ఏ వేళ సాయంత్రం అనిపిస్తే ఆ వేళకు, మిట్టమధ్యాహ్నమో పొద్దున్నో, చాచా గొంతెత్తి పిలుస్తాడు. దాని టైము సరిచేయడం ఇప్పుడు నాకు చిటికెలో పని. "ఆ తీగ పీకెయ్యండి, పక్కవాళ్లు ఏమనుకుంటారు" అంటుంది ఆవిడ వంటింట్లోంచి.

తీగ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది. పిలుపు పూర్తయ్యేదాకా నేను బాల్కనీలోంచి ఆకాశం వైపు చూస్తూ నిలబడతాను.