తాళం చెవి తీసినా ఆగని ఇంజను

మా పాత అంబాసిడర్‌కు డీజిల్ ఇంజను పెట్టించిన రోజు, నాన్న కారును ఇంటి ముందు నిలిపి, తాళం చెవి తీసి జేబులో వేసుకుని దిగాడు. ఇంజను ఆగలేదు. నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుని ఉన్నాను. కారులో ఎవరూ లేరు. బానెట్టు మాత్రం వణుకుతూనే ఉంది. మూడు దెబ్బలు కొట్టి, ఒక దెబ్బ తప్పి, మళ్ళీ మూడు కొడుతోంది.

నాన్న నెల్లూరు మెకానిక్‌కు ఫోన్ చేశాడు. ఆయన నవ్వు నాకూ వినిపించింది.

"పాత డీజిలు తాళం చెవి మాట యాడ వింటాదన్నా? స్టీరింగు కింద నల్ల గుండీ పెట్టినా చూడు. అది లాగితేనే సచ్చేది. పెట్రోలు అలవాటు మానుకో."

నాన్న లాగాడు. నాలుగైదు దెబ్బలు కొట్టి, దగ్గినట్టు ఊగి, అప్పుడు ఆగింది.

ఆ కారు తాత కొన్నది. పెట్రోలు ఇంజను అరిగిపోయి ఏడాదిగా పాకలో పడి ఉంటే, తుక్కుకు వేసెయ్యమని అమ్మ పోరేది. నాన్నకు మనసు రాలేదు. మెకానిక్ ఎక్కడినుంచో నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను తెచ్చాడు. అది వ్యానులో పుట్టి, కొన్నాళ్ళు సముద్రం మీద తిరిగి, మళ్ళీ నేలకొచ్చిందని చెప్పాడు. నేను నాన్నతో షెడ్డుకు వెళ్ళినప్పుడు, దాని నీళ్ళు పోయే దారుల్లోంచి తెల్లటి పెళ్ళలు గీకి తీసి, ఒకటి నా అరచేతిలో పెట్టాడు.

"నాకి చూడు పాపా. ఉప్పే."

అక్కడ నాకలేదు. ఇంటికొచ్చాక వేలు నాలుకకు తగిలించి చూసుకున్నాను. ఉప్పే. ఆ మాట డైరీలో రాశాను.

నాన్న జువ్వలదిన్నె హార్బరు దగ్గరి మెస్సులకు బియ్యం వేస్తాడు. ఆదివారాలు నేనూ వెళ్తాను. వెనక సీటులో బియ్యం బస్తాల పక్కన కూర్చుని చదువుకుంటూ పోవచ్చు, ఎవరితోనూ మాట్లాడాల్సిన పని ఉండదు.

డీజిల్ ఇంజనుతో వెళ్ళిన మొదటి ఆదివారం, పొద్దు అప్పుడే పొడిచింది. చేపలు పట్టేవాళ్ళ పేటకూ సముద్రానికీ నడుమ రోడ్డు మీద పోతుంటే, పేటలోంచి ఒకామె వేగంగా వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. చంకలో ఖాళీ గంప, సగం దువ్విన జుట్టు. ఎవరో పిలిస్తే దువ్వుకోవడం ఆపి వచ్చినట్టుంది. కారు దగ్గరికి వచ్చి బానెట్టు వైపు చూసింది. తర్వాత స్టీరింగు ముందున్న నాన్న ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఏమ్మా, ఎక్కతావా?" అన్నాడు నాన్న.

ఆమె గంప కింద పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడింది.

తర్వాతి ఆదివారమూ వచ్చింది. మూడో ఆదివారం మేము మలుపు తిరిగేసరికే రోడ్డు మీద నిలబడి ఉంది. "మనం రాకముందే ఆమెకు తెలుస్తోంది" అని ఆ రోజు డైరీలో రాసుకుని, రాసినందుకే భయపడి పుస్తకం మూసేశాను.

నాలుగో ఆదివారం, పేట రాకముందే ఒక మనిషి చెయ్యి అడ్డం పెట్టి కారు ఆపాడు. కాసేపు తల వంచి విన్నాడు. ఆడుతున్న ఇంజను మీద, బానెట్టు పైన, అరచెయ్యి ఆనించాడు.

"ఇది మాదే" అన్నాడు.

"ఏంది మీది? కారా?" నాన్న నవ్వాడు.

"ఇంజను. మా అన్న బోటుది. తుక్కు కొనేటోడికి నేనే అమ్మినా."

నిలబడే చెప్పాడు. వాళ్ళన్నకు ఎప్పుడూ ఒక తోడు ఉండేవాడు. ఒకరోజు ఆ తోడుకు జ్వరం వచ్చి, అన్న ఒక్కడే వల తియ్యడానికి పోయాడు. ఎండెక్కాక బోటు వచ్చింది. మనిషి లేడు. ఇసుకలో ముక్కు గుచ్చుకుని, ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. ఇతనే ఎక్కి ఆపాడు. ఆ పేటలో ఆడవాళ్ళకు వస్తున్నది ఎవరి బోటో చప్పుడుతోనే తెలుస్తుంది. వినగానే గంప తీసుకుని ఒడ్డుకు పోతారు. ఆ రోజు అతని వదిన కూడా గంపతో వచ్చి నిలబడి ఉంది.

"శవం దొరకలా. పెద్దోళ్ళు కర్మ చేసెయ్యమన్నారు, రోజు కూడా పెట్టినాం. ఇంతలో మీ కారొచ్చె. బోటు చప్పుడు వినపడతుంటే కర్మ ఎట్ట చేస్తారని అడగతాది. కూడు తినదు. మనిషి సగమైపోయింది. రొవ్వంత వేరే దారిన పోన్నా."

హార్బరుకు మాకు తెలిసిన వేరే దారి లేదు. ఆ తప్పే దెబ్బ డీజిలు చిమ్మే ఒక్క ఇంజెక్టరు లోపమేననీ, రేపే నెల్లూరులో మార్పిస్తే ఈ చప్పుడు ఉండదనీ నాన్న చెప్పాడు.

"చాలన్నా" అన్నాడతను.

తిరిగి వచ్చే దారంతా ఒక్క అక్షరం చదవలేకపోయాను. రాత్రి అన్నం దగ్గర అన్నాను, "నాన్నా, ఆమెకు చెప్పకుండా మార్పిస్తే, ఇంకోసారి చెప్పకుండా పోయినట్టే గదా."

"ఇది నోరు తెరిచిందంటే రేపు వాన ఖాయం" అంది అమ్మ. నాన్న మర్నాడు తెల్లవారగానే నన్ను ఎక్కించుకుని కారును నెల్లూరు వైపు కాకుండా జువ్వలదిన్నె వైపు తిప్పాడు.

ఆమె అక్కడే ఉంది. వెనక మరిది పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. నాన్న ఇంజను ఆపకుండానే దిగి, ఏం చెప్పాలో తెలియక నా వైపు చూశాడు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అక్కా, ఇది మీ బోటు ఇంజను. రేపటినుంచి ఈ చప్పుడు ఉండదు."

"తెలుసు పాపా. బోటు రోడ్డెక్కి రాదు గదా. మొదటి రోజే తెలిసింది. కాళ్ళు ఆగలా." ఆమె మరిది వైపు చూడకుండా చెయ్యి చూపించింది. "ఆ పొద్దు ఈయన ఆపినాడు. నన్ను ఎక్కనీలా. ఎట్ట ఆపతారు దీన్ని?"

నల్ల గుండీ చూపించాను. ఆమె నాన్న సీటులో కూర్చుని గంప ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపు వింది. అద్దాలు సన్నగా అదురుతున్నాయి. ఆమె గాజులు కూడా అదే లెక్కలో, మూడుసార్లు మోగి, ఒకసారి ఆగి, మళ్ళీ మోగుతున్నాయి.

అప్పుడు లాగింది.

ఇంజను మూడు దెబ్బలు కొట్టింది. ఒకటి తప్పింది. ఇంకో రెండు కొట్టింది. మూడోదాని కోసం మేమందరం ఎదురుచూశాం. అది రాలేదు. ఆమె గుండీ పట్టుకునే ఉంది. అలల చప్పుడు ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది.

"కర్మకు రోజు పెట్టించు" అని మరిదితో చెప్పి, గంప తీసుకుని పేటలోకి నడిచింది.

నాన్న సీటులో కూర్చుని తాళం చెవి పెట్టాడు. తిప్పబోయి, ఆమె వెళ్ళిన వైపు చూసి, మళ్ళీ తీసేశాడు.

"దిగి తొయ్యి" అన్నాడు నాతో.

మరిది కూడా ఒక చెయ్యి వేశాడు. ఇసుక పరుచుకున్న ఆ రోడ్డు మీద, పేట దాటి, మలుపు దాటి, ఆమె చెవికి అందనంత దూరం దాకా ఆ బండిని తోసుకుంటూ పోయాం. వెనక ట్యాంకులో డీజిలు మాత్రం పడవ అడుగున నీళ్ళు కొట్టుకున్నట్టు కొట్టుకుంటూనే ఉంది.