రాజాం పొలంలో సూర్యుడు జరిపిన హద్దు

పదిహేనేళ్లుగా కాలేజీలో అయనోస్ఫియర్ పాఠం చెబుతున్నాను. భూమికి చాలా ఎత్తున ఉండే ఆ విద్యుత్ పొరను సూర్యుడు ఎలా కలచివేస్తాడో బోర్డు మీద గీయడమే తప్ప, కళ్లారా చూసింది లేదు. నా పాత విద్యార్థి రమణ ఇప్పుడు సర్వేయరు. "మాస్టారూ, ఉపగ్రహాలతో పొలం కొలుస్తన్నాం, రండి" అనగానే బయలుదేరాను. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో తొమ్మిదింటికి బస్సెక్కితే రాజాంలో దిగేసరికి పదిన్నర దాటింది. అక్కణ్ణుంచి షేర్ ఆటోకు ముప్పై రూపాయలు.

పొలం అప్పలనరసమ్మది. పక్కది ఆమె మరిది సింహాచలానిది. మధ్య గట్టు మీద ఆమె పెంచిన నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. హద్దురాయి మాత్రం ఎప్పుడో పోయింది. భోజనాలయ్యాక, రెండింటికి, రమణ కర్రకు బిగించిన యంత్రాన్ని నిలబెట్టాడు. యంత్రం చూపిన హద్దు గట్టు మీంచి అడుగున్నర ఆమె వైపు జరిగింది. చెట్లు మరిది పొలంలో పడ్డాయి.

"నా సెట్లు ఆడియి ఎలాగవుతాయి బాబూ?" అందామె. నేను ఊరుకోవచ్చుగా! "ఉపగ్రహాలు చెప్పింది తప్పవదమ్మా" అన్నాను పెద్దమనిషిలా. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్లు మోసింది నాను. నీ ఉపగ్రహం ఒక్క బిందైనా మోసిందేటి?"

సింహాచలం రాయి పాతడానికి అప్పటికే గునపం అందుకున్నాడు. రమణ ఆపాడు. "ఆగు మావా. ఈ వారం సూర్యుడి మీద పేలుళ్లు ఎక్కువ. మద్దేన్నం ఆ పైపొర మరీ కలతగా ఉంటాది. సిగ్నల్ అందులోంచి వచ్చేసరికి ఆలస్యమవుతాది, కొలత తప్పుతాది. సూడు, అంకెలు నిలబడతన్నాయేటి?" నిజమే, తెర మీద అంకెలు కుదురుగా లేవు. నా పాఠం నా ఎదుటే జరుగుతుంటే నేనే గుర్తుపట్టలేదు. సిగ్గేసింది.

రాజాంలో లాడ్జిలో పడుకుని, పొద్దున్న ఆరున్నరకల్లా మళ్లీ పొలంలో ఉన్నాం. అరగంటకోసారి చొప్పున మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకే చోటు వచ్చింది. చెట్లు నాలుగూ అప్పలనరసమ్మవే. సింహాచలం కాసేపు గొణిగి, "అంకె నిలబడ్డాది కదా, ఇదే కానీ వదినా" అని తనే రాయి పాతాడు. ఆమె నాకో బొండాం కొట్టించి ఇచ్చింది. "తాగు మాస్టరు బాబూ. నిన్న ఎండ నీకూ తగిలినట్టున్నాది."

సూర్యుణ్ణి మనం ఆపలేం. యంత్రం ఎప్పుడు పొరబడుతుందో తెలిసి, గునపం పట్టుకున్నవాణ్ణి ఒక్క పూట ఆపగల మనిషి పొలంలో ఉంటే చాలు. నా క్లాసులో నిద్రపోయేవాడనుకున్న రమణ ఆ మనిషయ్యాడు. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మీ పొలం కొలతకు వెళ్తుంటే ఒక్క మాట: పొద్దున్నే కొలిపించండి, మధ్యాహ్నం వచ్చిన ఒక్క అంకెను నమ్మి రాయి పాతనివ్వకండి, నాలాంటి మాస్టారు పక్కన నిలబడి చెప్పినా సరే.